మా బావ రెండు పుస్తకాల సంసారం

మా బావ పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో స్టోర్ కీపర్. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. ఆయన సంతకం లేకుండా ఆ స్టోర్లోంచి ఒక్క నట్టు కూడా బయటికి రాదు. మేనేజరే స్వయంగా వచ్చి గుండుసూది అడిగినా "చీటీ రాసివ్వండి సార్" అనే రకం. అందులో నాకేం పేచీ లేదు. అక్కడ ఆయనకి జీతమిచ్చేదే అందుకు. వచ్చిన చిక్కల్లా, సాయంత్రం ఆరింటికి స్టోరుకి తాళం వేసి ఇంటికొచ్చాక కూడా ఆయన స్టోర్ కీపరుగానే ఉండిపోవడం.

వాళ్ళది మూడంతస్తుల భవనంలో కింది వాటా. రెండు గదులు, ఒక వంటిల్లు. ఆ వంటింట్లో ఉప్పు డబ్బా దగ్గర్నుంచి అగ్గిపెట్టెల డబ్బా దాకా ప్రతిదాని మెడకీ దారంతో ఒక కార్డు వేలాడుతూ ఉంటుంది. దాని మీద మూడు గడులు: వచ్చింది, ఇచ్చింది, నిల్వ. ఈ కార్డులన్నీ నా జెరాక్స్ కొట్టులోనే తీయించాడు, అదీ బావమరిది ధరకి, అంటే ఊరికే. కాబట్టి ఈ పాపంలో నాకూ కొంత వాటా ఉంది.

అసలు సరుకంతా మంచాల కిందా, తాళం వేసిన అలమరలోనూ ఉంటుంది. వారానికి ఎంత కావాలో బావ ఆదివారం పొద్దున్నే కొలిచి వంటింటి డబ్బాల్లో పోస్తాడు. మధ్యలో ఏదైనా అయిపోతే మా అక్క చీటీ రాయాలి. వస్తువు, పరిమాణం, కారణం. ఒకసారి పంచదార అయిపోతే కారణం గడిలో "మీ చుట్టాలు" అని రాసింది. బావ దాన్ని మంజూరు చేసి, కింద "నిజమే" అని రాసి సంతకం పెట్టాడు.

మనిషి మంచివాడు. ఆయన ఇలా తయారవడానికి ఒక వాషరు కారణం. ఉద్యోగంలో చేరిన రెండో ఏట అంగుళం రబ్బరు వాషర్లు అయిపోయి ఫ్యాక్టరీలో పని సగం పూట ఆగిపోయిందట. అప్పటి మేనేజరు నూట యాభై మంది ముందు నిలబెట్టి చెడామడా తిట్టాడు. ఆ రోజు నుంచి బావ ప్రతి వస్తువుకీ "కనీస నిల్వ" అని ఒక గీత గీసుకున్నాడు. సరుకు ఆ గీత దాకా దిగకముందే మళ్ళీ తెప్పించాలి, ఆ గీత కింద ఉన్నదాన్ని దేవుడు దిగివచ్చి అడిగినా ఇవ్వకూడదు. ఫ్యాక్టరీలో ఆ గీత ఆయన ఉద్యోగాన్ని కాపాడింది. ఇంట్లో మా అక్క పంటి మీదికి తెచ్చింది.

ఆ పన్ను సంగతే చెబుతాను. కింది వరసలో కుడివైపు దవడ పన్ను. అది పుచ్చిపోతే వీధి చివర ఉండే పళ్ళ డాక్టరు పుచ్చినంత మేర శుభ్రం చేసి, తాత్కాలికంగా సిమెంటు పెట్టి, కొలత తీసుకుని క్యాప్ చేయించాడు. అడ్వాన్సు పోను ఇంకా నాలుగు వేల రెండు వందలు కట్టాలి. అది కట్టనందుకు క్యాప్ ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఆరు వారాలుగా క్లినిక్ అలమరలో కూర్చుంది. అక్కేమో ఎడమవైపే నములుతూ, వేడి తగిలితే ఒక గంతు, చల్లన తగిలితే రెండు గంతులు వేస్తోంది. మొగుడి మీద కోపమొచ్చి పళ్ళు నూరుకుందామన్నా వీల్లేని బతుకైపోయింది.

ఒక శుక్రవారం డాక్టరు తేల్చేశాడు. "సిమెంటు అరిగిపోయిందమ్మా. వచ్చే శనివారం లోపు క్యాప్ వేయించుకోకపోతే పన్ను చీలిపోతుంది. ఇక పీకడమే. ఆ క్యాప్ ఇంకెవరికీ పనికిరాదు."

ఇంటికొచ్చి ఈ మాట చెప్పగానే బావ పుస్తకం తెరిచాడు.

"డబ్బుకేం లోటే? ఎనిమిది నెలల్లో మనం పదివేల నాలుగు వందలు మిగిల్చాం."

"ఎక్కడున్నాయండీ అవి?"

"ఇదిగో, పుస్తకంలో."

"అయితే డాక్టరుకి పుస్తకం ఇచ్చి రమ్మంటారా?"

బ్యాంకులో చూస్తే మూడు వందల పన్నెండు ఉన్నాయి. బావ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. ఇరవై ఆరేళ్ళ అనుభవమంతా కూడగట్టుకుని ఒక నిర్ధారణకి వచ్చాడు.

"లీకేజీ. ఈ ఇంట్లో ఎక్కడో చీటీ లేకుండా సొమ్ము బయటికి పోతోంది."

ఇంట్లో ఉన్నది ఇద్దరే. అందులో ఒకరు స్టోర్ కీపరు. మిగిలింది ఎవరో చెప్పక్కర్లేదు.

ఆదివారం మధ్యాహ్నం అక్క నాకు ఫోన్ చేసింది. గొంతు చూస్తే పన్ను కంటే మనసు ఎక్కువ సలుపుతున్నట్టుంది.

"ఒరేయ్, నువ్వూ మీ ఆవిడా మీ ఇంటి లెక్కలు పట్టుకుని రండి."

"అక్కా, మాకు లెక్కలెక్కడివే?"

"లేకపోతే లేవని చెప్పడానికి రండి. మీ బావ జీతం ఇరవై రెండు వేలు. నీ కొట్టు మీద నీకు పద్దెనిమిది దాటదు. నీ ఇల్లు ఎలా గడుస్తోందో, నా ఇల్లు ఎందుకు గడవడం లేదో ఇవాళ తేలాలి. దొంగెవరో కూడా తేలాలి."

మా ఇంటి లెక్కలు అంటే నా భార్య గోడ క్యాలెండరు వెనకాల పెన్సిలుతో రాసుకునే గీతలు. ఆ క్యాలెండరునే చుట్టగా చుట్టి చంకలో పెట్టుకుని బయల్దేరింది. మేం వెళ్ళేసరికి బావ భోజనాల బల్ల మీద పుస్తకం, స్కేలు, ఎర్ర పెన్ను, నీలం పెన్ను సర్దుకుని ఆడిట్‌కి వచ్చిన ఆఫీసరులా కూర్చున్నాడు.

"రా చెల్లెమ్మా. ఒక్కొక్క పద్దే చదువుదాం. సబ్బులు?"

"తొంభై, అన్నయ్యగారూ."

"మాది ముప్ఫై ఎనిమిది. టీ పొడి?"

"రెండు వందల అరవై."

"నూట డెబ్భై. నూనె?"

"ఏడు వందలు."

"నాలుగు వందల ఎనభై" అంటూ బావ ఎర్ర పెన్నుతో గీత కొట్టాడు. ఏ పద్దు చూసినా మేమే ఓడిపోతున్నాం. నా భార్య చెవులు ఎర్రబడుతున్నాయి. ఆమె ఇంట్లో చుక్క నూనె వృథా కానివ్వదు, అలాంటిదాన్ని పట్టుకుని ఈయన దుబారా మనిషిని చేసేశాడు.

"ఇతరములు?"

"ఆరు వందల నలభై."

"అంటే ఏమిటమ్మా? స్టోర్లో ఇతరములు అనే డబ్బా ఉండదు."

నా భార్య మెల్లిగా నావైపు తిరిగింది. "నేనూ అదే అడగాలనుకుంటున్నా. మీరు చెప్పండి."

ఆ గదిలో నాలుగు జతల కళ్ళు ఉంటే మూడు నా మీదే ఉన్నాయి. కొట్టు దగ్గర వచ్చేపోయేవాళ్ళకి టీలు అన్నాను. టీలకి అన్ని అవవంది. బస్సు చార్జీలు అన్నాను. "కొట్టు మన వీధిలోనే కదండీ" అంది. ఇక తప్పక, జుట్టుకి రంగు అని ఒప్పుకున్నాను.

అక్క చెంపకి ఆనించుకున్న చెయ్యి తీసేసింది. "రంగా! ఒరేయ్, మా తమ్ముడికి నలభై ఎనిమిదేళ్ళొచ్చినా ఒక్క తెల్ల వెంట్రుక లేదు, అంతా నాన్న పోలిక అని నేను కనపడినవాళ్ళందరికీ చెప్పుకు తిరుగుతున్నానురా!"

"చెప్పుకో అక్కా, తప్పేముంది" అన్నాను. కానీ బావ అప్పటికే నా జుట్టుని సరుకు నాణ్యత చూసినట్టు చూస్తున్నాడు.

నన్ను ఆదుకుందామనో, తన చెవుల ఎరుపు తగ్గించుకుందామనో గానీ, నా భార్య మళ్ళీ మొదటి పద్దుకి వచ్చింది.

"అది సరే గానీ అన్నయ్యగారూ, ముప్ఫై ఎనిమిదికి నెలంతా సబ్బులు ఏ కొట్లో ఇస్తున్నారు? చెబితే నేనూ అక్కడే కొంటా."

"కొట్లో కొనడమేమిటమ్మా? స్టోర్లోంచి తీస్తాం. నెలకి రెండు ఇచ్చాం. ఒక్కోటి పందొమ్మిది."

"స్టోర్లోకి ఎలా వచ్చాయి?"

"కొన్నాం."

"ఎన్ని కొన్నారు?"

"అది కొనుగోలు పుస్తకంలో ఉంటుంది. అది వేరు."

"అదెవరి దగ్గరుంటుంది?"

"నా దగ్గరే."

"ఈ రెండూ ఎప్పుడైనా పక్కపక్కన పెట్టి చూశారా?"

బావ ఆమెని, ఆ రోజే ఉద్యోగంలో చేరిన గుమాస్తాని చూసినట్టు జాలిగా చూశాడు. "చెల్లెమ్మా, కొనుగోలు శాఖ వేరు, స్టోరు వేరు. ఒకరి పుస్తకంలో ఇంకొకరు వేలు పెట్టకూడదు."

ఫ్యాక్టరీలో అంతేనట. కొనేవాళ్ళు పై అంతస్తులో ఉంటారు. డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది, ఎంత పోతుంది అన్నది వాళ్ళ తలనొప్పి. కింద స్టోర్ కీపరుకి సరుకు ఉందా లేదా అన్నదే లెక్క. స్టోర్లోంచి బయటికి పోయిందే ఖర్చు. లోపల ఉన్నది ఖర్చు కాదు, నిల్వ. ఇరవై ఆరేళ్ళు ఆ పద్ధతిలో మునిగితేలిన మనిషి, ఇంట్లో రెండు శాఖలూ తానే అయినా గోడ మాత్రం కూల్చలేదు. కొనుగోలు పుస్తకంలో పూర్తి సంతకం, స్టోరు పుస్తకంలో పొట్టి సంతకం పెట్టేవాడు. ఒకటో తారీఖున పెద్ద సంతకం మనిషి హోల్‌సేల్ కొట్టుకి పోయి, చవగ్గా ఉందని అవసరానికి మించి కొనుక్కొచ్చేవాడు. పొట్టి సంతకం మనిషి దాన్ని సంతోషంగా మంచం కింద పెట్టుకుని, ఈ నెల ఖర్చు తగ్గిందని రాసుకునేవాడు. ఒకరికొకరు ఎప్పుడూ ఎదురుపడలేదు.

అక్క లేచి లోపల్నుంచి ఆ రెండో పుస్తకం తెచ్చి బల్ల మీద పడేసింది. నేను ఫోన్లో కూడాను. సరుకులకని నెలకి కేటాయించింది అయిదు వేల నాలుగు వందలు, కొన్నదీ సగటున అంతే. ఇచ్చింది నాలుగు వేల నూరు. తేడా పదమూడు వందలు. ఎనిమిది నెలలకి పదివేల నాలుగు వందలు.

పైసా అటూ ఇటూ కాలేదు. అంత చక్కటి లెక్క నేనింతవరకూ చూడలేదు.

అక్క మోకాళ్ళ మీద కూర్చుని మంచం కింద అట్టపెట్టెలు ఒక్కొక్కటే బయటికి లాగింది. ఒంటి సబ్బులు, బట్టల సబ్బులు, టీ పొడి, నూనె డబ్బాలు, ఫినాయిలు, పన్నెండు డజన్ల అగ్గిపెట్టెలు, ఇరవై రెండు బల్బులు. ఆఖరి పెట్టెలో పళ్ళ పేస్టులు, పదిహేడు.

"పేస్టుకేం కొదవ లేదు. పళ్ళే ఉండవు" అంది. తర్వాత సబ్బుల పెట్టె మీదే కూలబడి, "ఇదిగోండి మీ లీకేజీ. నన్ను దొంగని చేశారు కదండీ" అంది.

"సొమ్ము పోలేదుగా" అన్నాడు బావ, బాగా చిన్న గొంతుతో. "నిల్వ ఉందిగా."

"అయితే పంటికి సబ్బు పెట్టించుకుంటా."

ఆరు రోజుల్లో నాలుగు వేల రెండు వందలు ఎలా? ఫ్రిజ్ కోసం ఫ్యాక్టరీలో తీసుకున్న అడ్వాన్సే ఇంకా తీరలేదు, మళ్ళీ ఇవ్వరు. నేను జెరాక్స్ మెషీనుకి కొత్త డ్రమ్ము వేయించి నా జేబు నేనే దులుపుకుంటున్నాను. హోల్‌సేల్ కొట్టువాడు సరుకు వెనక్కి తీసుకుంటాడు గానీ పావు ధరేనన్నాడు. అప్పుడు నా భార్యే అంది, వీధివైపు కిటికీ తెరిచి అమ్మేద్దామని. వచ్చేటప్పుడు దుబారా మనిషి, వెళ్ళేటప్పటికి ఆ ఇంటికి సలహాదారు.

మొదటి రోజే పేచీ వచ్చింది. పై వాటాలో ఉండే రిటైర్డు మాస్టారు టీ పొడి అడిగితే, కొట్లో ఇప్పుడున్న ధర చెప్పింది అక్క. బావ వెనకనుంచి అందుకున్నాడు.

"తప్పు. స్టోరు ఎప్పుడూ కొన్న ధరకే ఇస్తుంది."

"ఎప్పుడో చవగ్గా కొన్నారు. ఇప్పుడు రేటు పెరిగింది కదండీ!"

"చూశావా?" బావ మొహం వెలిగిపోయింది. "ముందు కొనిపెట్టబట్టే కదా ఇవాళ లాభం!"

"ఆ లాభం నోట్లోకి రానివ్వండి మరి. మాస్టారూ, కొట్లో రేటే. పైన పావలా కూడా వెయ్యను."

మాస్టారు డబ్బిచ్చాడు. బావ చీటీల పుస్తకం ముందుకు తోశాడు. "వస్తువు, పరిమాణం, కారణం రాయండి."

"టీ పొడి కొనడానికి కారణమేంటయ్యా?"

"పద్ధతి మాస్టారూ."

ఆయన కళ్ళజోడు కోసం పై దాకా మెట్లెక్కి దిగి, కారణం గడిలో "తాగుటకు" అని గుండ్రంగా రాశాడు. ఆయన వెనక ఏడుగురు నిలబడి ఉన్నారు. ఇద్దరు విసుక్కుని వెళ్ళిపోయారు. అక్క చీటీల పుస్తకం తీసి కిటికీలోంచి అవతలికి విసిరింది. ఆ తర్వాత అమ్మకం చకచకా సాగింది.

అయినా పుస్తకంలో పదివేలున్నది బయటికొచ్చేసరికి పదివేలు కాలేదు. పంచదారకి చీమలు పట్టాయి. అగ్గిపెట్టెలు చెమ్మెక్కి, పది గీస్తే ఒకటి వెలిగింది. నూనెలో రెండు డబ్బాలు వాసన కొట్టాయి. ఫినాయిలు ఎవరూ అడగలేదు. బల్బులు పాతకాలానివి, వాటికి పట్టే హోల్డర్లు ఆ భవనంలో ఎవరికీ లేవు, మా బావకి కూడా. శుక్రవారం సాయంత్రానికి మొత్తం మూడు వేల ఎనిమిది వందల అరవై వచ్చింది. బ్యాంకులో ఉన్న మూడు వందలూ అప్పటికే కరెంటు బిల్లుకి పోయాయి. ఇంకా మూడు వందల నలభై తక్కువ.

అమ్మదగ్గ సరుకు మిగిలింది ఒక్కటే. బట్టల సబ్బులు పెద్దవి పన్నెండు. బావ వాటిని మొదటి రోజే వేరే తీసి, అలమరలో పెట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"అది కనీస నిల్వ. అది ముట్టుకోకూడదు."

"సబ్బులేగా బావా" అన్నాను.

"వాషర్లూ వాషర్లేనోయ్" అన్నాడు. తాళంచెవి ఉన్న జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

అయిదు రోజులుగా కిటికీ దగ్గర అరిచి అరిచి అక్కకి ఓపిక అయిపోయింది. బ్రెడ్డు ముక్క టీలో నానబెట్టుకుని, తల ఎడమవైపు వంచుకుని తింటోంది. ఉన్నట్టుండి ఆగి, చేతిలోకి ఏదో ఊసి చూసుకుంది. సిమెంటు ముక్క. తర్వాత గాలి పీల్చుకోబోయి "అమ్మా" అని మంచం పట్టె గట్టిగా పట్టుకుంది.

బావ దగ్గరికొచ్చాడు. ఆ తెల్లటి ముక్కని ఆమె అరచేతిలోంచి తీసుకుని వేళ్ళ మధ్య పెట్టుకుని తిప్పి చూశాడు. వరస డబ్బాల వైపు ఒకసారి తలెత్తాడు. ముప్ఫై డబ్బాలున్న ఆ ఇంట్లో దాన్ని ఎక్కడ పెట్టాలో ఆయనకి తోచలేదు. చివరికి బ్రెడ్డు పళ్ళెం అంచున పెట్టాడు.

ఆ తర్వాత ఎవరూ అడక్కుండానే అలమర తాళం తీశాడు. పన్నెండు సబ్బులూ అట్టపెట్టెలో పేర్చాడు. కార్డు తీసుకుని "ఇచ్చింది" గడిలో పన్నెండు అని రాశాడు. "నిల్వ" గడి దగ్గర పెన్ను చాలాసేపు ఆగింది. ఎలా రాయాలో మర్చిపోయినవాడిలా నన్నొకసారి చూసి, చిన్న సున్నా చుట్టాడు. పెట్టె భుజాన వేసుకుని సందు మలుపులో ఉన్న లాండ్రీకి తానే వెళ్ళాడు. లాండ్రీ అతను ఒక్కోటి ముప్ఫై చొప్పున మొత్తం తీసుకున్నాడు. మూడు వందల అరవై.

శనివారం పొద్దున క్లినిక్ తలుపు తీసేసరికి మేము ముగ్గురం మెట్ల మీద ఉన్నాం. కౌంటరు దగ్గర అమ్మాయి ఆ చిల్లర నోట్లన్నీ లెక్కపెట్టేసరికి అరగంట పట్టింది. బావ పక్కన నిలబడి ఆమెతోపాటు పెదాలు కదిపాడు. లోపల డాక్టరు పన్ను శుభ్రం చేసి, చీలలేదని చెప్పి, క్యాప్ పెట్టి నొక్కాడు. "అదృష్టవంతురాలివమ్మా. ఇంకో రెండ్రోజులైతే నా చేతిలో లేదు." దూది కరిపించి అరగంట నోరు తెరవద్దన్నాడు. "జాగ్రత్తగా చూసుకుంటే పదిహేనేళ్ళు ఉంటుంది."

అక్క కళ్ళు మూసుకుంది. ఆరు వారాల్లో మొదటిసారి భుజాలు కిందికి దిగాయి.

"ఒకవేళ మధ్యలో ఊడిపోతే?" అన్నాడు బావ.

"ఊడదండీ."

"ఊడితే?"

"ఊడితే తెచ్చుకోండి, మళ్ళీ అతికిస్తాం. పోతే కొత్తది చేయించుకోవాలి."

బావ గొంతు సవరించుకుని డాక్టరు దగ్గరికి జరిగాడు. "కొలతలు ఎలాగూ మీ దగ్గరున్నాయి కదండీ. ఇప్పుడే ఇంకొకటి చేయించి ఇంట్లో ఉంచుకుంటే, రేటేమైనా తగ్గిస్తారా?"

అక్క కళ్ళు తెరిచింది. నోరు తెరవకూడదు. కుర్చీలోంచి లేచి, ఎదురుగా వచ్చి నిలబడి, బావ చొక్కా జేబులో చెయ్యి పెట్టి పర్సు తీసింది. అందులో మిగిలిన ఇరవై చూసుకుంది. పర్సుని తన చేతిసంచిలో వేసుకుని జిప్పు ఆ చివరిదాకా లాగింది. బావ సాయం కోసం నావైపు చూశాడు. నేను గోడ మీద అంటించిన పళ్ళ బొమ్మలు ఒక్కొక్కటే శ్రద్ధగా చదువుకుంటున్నాను.